నెల సౌదాలో బర్కత్

జీతం చేతికొచ్చిన మొదటి వారంలో వంటింటి డబ్బాలన్నీ నిండుగా ఉంటాయి. ఇరవయ్యో తేదీ దాటేసరికి నూనె అడుగంటుతుంది, కందిపప్పు డబ్బా తేలికైపోతుంది. అక్కడినుంచి నెలాఖరు దాకా కిరాణా కొట్లో ఉద్దెర మీదే ఇల్లు నడుస్తుంది. మళ్ళీ జీతం రాగానే అందులో పెద్ద భాగం పాత బాకీకే పోతుంది. మన మొహల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఏళ్ళ తరబడి ఇలాగే గడుపుతున్నాయి. సంపాదనలో బర్కత్ లేదని వాపోతూ, దానికోసం ఏదైనా వజీఫా చెప్పమని అడిగేవారూ ఉన్నారు.

దుఆ చేయవలసిందే. బర్కత్ ఇచ్చేవాడు అల్లాహ్ మాత్రమే. అయితే ఇంటి తిండిగింజల్లో బర్కత్ కలగడానికి మహాప్రవక్త (స) ఒక పని కూడా చెప్పారు. ఆ పని మనం చేస్తున్నామా?

కొలవమన్న హదీసు

హజ్రత్ మిఖ్దాద్ కాదు, హజ్రత్ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి సహీహ్ బుఖారీలో వాణిజ్య వ్యవహారాల అధ్యాయంలో ఉంది. ఆహార ధాన్యాలను కొలుచుకోండి, వాటిలో మీకు శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) బోధించినట్లు అందులో ఉంది. ఎంత చిన్న మాటో అంత పెద్ద పాఠం! బర్కత్‌కూ కొలతకూ సంబంధం ఉందన్నమాట.

ఇక్కడ హదీసు చదివినవారికి ఒక సందేహం వస్తుంది. హజ్రత్ ఆయిషా (రజి) తమ ఇంట్లో కొంచెం యవలు ఉండేవనీ, వాటిని చాలాకాలం తింటూ వచ్చామనీ, ఒకరోజు కొలిచి చూశాక అవి అయిపోయాయనీ తెలిపారు (బుఖారీ, ముస్లిం). మరి కొలిస్తే బర్కత్ వస్తుందా, పోతుందా?

ధర్మవేత్తలు ఈ రెండు హదీసులనూ సమన్వయపరిచారు. కొనేటప్పుడు, ఇంటికి తెచ్చుకునేటప్పుడు కొలవాలి. ఎందుకంటే అందులో అమ్మేవాడి హక్కు, కొనేవాడి హక్కు, ఇంటివారి హక్కు ఉన్నాయి. కాని తినేటప్పుడు, ఇతరులకు పెట్టేటప్పుడు ఎంత తరిగిపోయిందో, ఎంత మిగిలిందో అని ప్రాణం బిగబట్టి కొలవడం పిసినారితనానికి దారి తీస్తుంది. అది మంచిది కాదు. మొదటిది ఏర్పాటు, రెండోది భయం. కాబట్టి సౌదా తెచ్చేటప్పుడు లెక్క ఉండాలి. దస్తర్‌ఖాన్ మీద మాత్రం బిడ్డ తినే రొట్టెను లెక్కపెట్టకూడదు.

రమజాన్‌లో ఫిత్రా చెల్లించేటప్పుడు ఒక ‘సాఅ’ అంటే ఎన్ని కిలోలని ఆలింలను శ్రద్ధగా అడిగి తెలుసుకుంటాం. అదే మన ఇంట్లో నెలకు ఎన్ని కిలోల బియ్యం ఉడుకుతోందని ఎవరైనా అడిగితే చాలామంది జవాబు చెప్పలేరు.

మూడు మాటలు, మూడు అర్థాలు

ఖర్చు విషయంలో మూడు తప్పులను షరీఅత్ వేరువేరుగా గుర్తించింది.

మొదటిది ‘ఇస్రాఫ్’. ధర్మసమ్మతమైన వస్తువు మీదే అవసరానికి మించి ఖర్చు చేయడం. తినండి, తాగండి, హద్దు మీరకండి అనే భావం గల ఆజ్ఞ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయత్‌లో ఉంది. కిలో చాలినచోట రెండు కిలోలు వండి పారవేయడం ఇస్రాఫే.

రెండోది ‘తబ్జీర్’. ఖర్చు చేయకూడని చోట చేయడం. బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయతుల్లో బంధువులకు, పేదలకు, బాటసారులకు వారి హక్కు ఇవ్వమని చెప్పిన వెంటనే దుబారా చేయవద్దని హెచ్చరిక వచ్చింది. దుబారా చేసేవారిని షైతానుల సోదరులుగా పేర్కొనడం జరిగింది. ఈ వరుస గమనించండి. దుబారా చేసిన ప్రతి రూపాయి మరొకరి హక్కులోంచే పోతుంది.

మూడోది ‘బుఖ్ల్’, అంటే పిసినారితనం. ఉండి కూడా ఇంటివారికి పెట్టకపోవడం. కరుణామయుని దాసులు దుబారాకూ లోభానికీ మధ్య సమతూకంగా ఖర్చు పెడతారని అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ తెలుపుతోంది. నెల బడ్జెట్ అంటే ఈ మధ్యేమార్గాన్ని కాగితం మీద పెట్టుకోవడమే.

కొందరు సోదరులు “రేపటి సంగతి అల్లాహ్ చూసుకుంటాడు, లెక్కలెందుకు?” అంటారు. ఇది తవక్కుల్ కాదు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టులో ఏడేళ్ళ పంటను తినేందుకు కొద్దిగా తీసి, మిగతాది వెన్నుల్లోనే నిల్వ చేయించారు. దైవప్రవక్త (స) బనూ నజీర్ తోటల ఖర్జూరాలను అమ్మి తమ కుటుంబానికి ఏడాదికి సరిపడా ఆహారం ఏర్పాటు చేసేవారని హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). ఇంటి అవసరానికి నిల్వ చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ధర పెరగాలని సరుకు దాచి ప్రజలను ఇబ్బంది పెట్టడమే పాపం.

బాధ్యత ఎవరిది?

భార్యాపిల్లల పోషణ భర్త మీద విధి. కలిగినవాడు తన కలిమిని బట్టి, కొద్దిగా ఉన్నవాడు అల్లాహ్ తనకిచ్చిన దాన్ని బట్టి ఖర్చు చేయాలని అత్తలాఖ్ సూరా 7వ ఆయత్ తీర్పు చెప్పింది. భార్యాపిల్లల మీద పెట్టే దీనార్ పుణ్యంలో అన్నిటికంటే గొప్పదని ముస్లిం హదీసులో ఉంది. కాబట్టి సౌదాకు డబ్బివ్వడం ఉపకారం కాదు, అది ఇబాదత్.

హింద్ బిన్తె ఉత్బా (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వడం లేదని ఫిర్యాదు చేసినప్పుడు, రివాజు ప్రకారం నీకూ నీ పిల్లలకూ సరిపోయేంత తీసుకోవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు (బుఖారీ, ముస్లిం). ఇందులో భర్తకు హెచ్చరిక ఉంది, భార్యకు హద్దు కూడా ఉంది. సరిపోయేంతే, అదీ న్యాయమైన పద్ధతిలో.

రోజూ ఉదయం వందో రెండొందలో చేతిలో పెట్టి, సాయంత్రం లెక్క అడిగి, కేకలు వేసే ఇళ్ళున్నాయి. అలా ఇస్తే ఏ ఇల్లాలూ నెలకు ప్రణాళిక వేయలేదు. అసలు ఆదాయం ఎంతో భార్యకు తెలియాలి. నెల మొదట్లో ఇద్దరూ కూర్చుని సంప్రదించుకుని మొత్తం నిర్ణయించాలి. ఆ తర్వాత అది ఆమె చేతిలో అమానత్. ఆమె దాన్ని కాపాడాలి, ఆయన ఆమెను నమ్మాలి.

లెక్క వేసుకునే విధానం

మొదటి మెట్టు: ఒక నెలపాటు ఏమీ మార్చకుండా చూడండి. నూనె ప్యాకెట్టు విప్పిన రోజు తేదీని దాని మీదే రాయండి. లీటరు పది రోజులు వస్తే నెలకు 3 లీటర్లు కావాలి. చక్కెర, టీపొడి, సబ్బులు అన్నీ ఇలాగే. నెల తిరిగేసరికి మీ ఇంటి అసలు కొలత మీకు తెలుస్తుంది.

రెండో మెట్టు: రావలసిన వాటిని తీసివేయండి. అయిదుగురున్న ఒక ఇంట్లో రోజుకు కిలోంబావు బియ్యం వండితే 30 రోజులకు 37న్నర కిలోలు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషను కార్డుదారులకు మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అంటే అయిదుగురికి 30 కిలోలు. కొనవలసింది ఏడున్నర కిలోలే. రేషను బియ్యాన్ని దళారికి తక్కువ ధరకు అమ్మి, అదే డబ్బు మీద ఇంకా వేసి బజారులో కొనడం నష్టం. పైగా అది చట్టవిరుద్ధం, అమానత్‌కు ద్రోహం.

మూడో మెట్టు: వచ్చే డబ్బును విడదీయండి. లెక్క అర్థం కావడానికి, ఒక ఇంటి ఆదాయం 18,000 రూపాయలు అనుకుందాం. అద్దె 5,000. ఫీజులు, కరెంటు, గ్యాసు, ప్రయాణాలు 4,500. పాత బాకీకి 1,000. మిగిలింది 7,500. ఇందులో 500 సదఖాకు, అత్యవసరానికి ముందే పక్కన పెట్టండి. చివర్లో మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పుడూ మిగలదు. ఇక తిండికి 7,000. నెల సౌదా 3,500. పాలు 900. కూరగాయలు 1,300. మాంసం, గుడ్లు 1,300.

నాలుగో మెట్టు: నెల సౌదా ఒకేసారి జాబితా రాసి తెండి. కూరగాయలు, మాంసం వారం వారం కొనేవి. వాటి 2,600 రూపాయలను కవర్లలో పెట్టండి. నెలలో నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు ఉంటాయి, లెక్క తప్పేది అక్కడే. అందుకని నాలుగు కవర్లలో 575 చొప్పున, అయిదో కవరులో 300 పెట్టండి. ఒక వారం కవరు అయిపోతే పక్క కవరు విప్పకండి. పప్పుతో, గుడ్డుతో సర్దుకోండి. ఒకసారి దైవప్రవక్త (స) ఇంట్లో కూర అడిగితే సిర్కా తప్ప మరేమీ లేదన్నారు. ఆయన దాన్నే తింటూ, సిర్కా ఎంత మంచి కూర అని మెచ్చుకున్నారు (ముస్లిం).

అయిదో మెట్టు: కొనేచోట కళ్ళు తెరిచి ఉండండి. రెండు నూనె ప్యాకెట్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, పక్కది అంతకంటే తక్కువ ఉండవచ్చు. ప్యాకెట్టు మీది బరువు చదవండి. తక్కెడ ముల్లు చూడండి. తూకంలో మోసం చేసేవారికి వినాశం ఉందని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరించింది. సరిగా తూచమని అడగడం గొడవ కాదు, మీ హక్కు. ఫోనులో స్కాన్ చేసి చెల్లించినప్పుడు డబ్బు పోయినట్టే అనిపించదు. ఆ ఖర్చును అదే రోజు రాత్రి పుస్తకంలో రాయండి. ఆకలితో, పిల్లలతో బజారుకు వెళితే జాబితాలో లేనివి సంచిలోకి వస్తాయి.

ఉద్దెర సంగతి

అప్పుగా కొనడం హరామ్ కాదు. అయితే గడువు పెట్టుకున్న అప్పును రాసుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆజ్ఞాపించింది. చేతికి చేయి ఇచ్చిపుచ్చుకునే బేరానికి ఆ రాత అవసరం లేదని కూడా అదే ఆయత్ సడలింపు ఇచ్చింది. కొట్టు యజమాని పుస్తకంలో రాసుకుంటాడు. మన దగ్గర మాత్రం రాత ఉండదు. నెలాఖరులో మొత్తం చూసి “ఇంతెలా అయింది?” అని అనుమానపడతాం. ఒక ముస్లిం మీద అనుమానమైనా, ముస్లిమేతరుడి మీద అనుమానమైనా పాపమే. రెండు పుస్తకాలుంటే ఆ అనుమానానికి చోటుండదు.

దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుంచి శరణు వేడుకునేవారు. ఎందుకని ఒకరు అడిగితే, అప్పులో పడ్డవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, వాగ్దానం చేసి తప్పుతాడని వివరించారు (బుఖారీ). బాకీ ఉన్న కొట్టు ముందు నుంచి పోలేక వెనక సందులో మసీదుకు వెళ్ళే మనిషిని తలచుకోండి. “నాన్న ఇంట్లో లేరని చెప్పు” అని బిడ్డకు అబద్ధం నేర్పే ఇంటిని తలచుకోండి. సౌదా లెక్క తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఇక వడ్డీ మీద సౌదా, అంటే గడువు దాటితే వడ్డీ పడే కార్డులు, ఫోనులో అప్పిచ్చే యాప్‌లు, వీటి జోలికి అసలే పోకూడదు. అది పప్పులో హరామ్ కలుపుకోవడమే.

రమజాన్ మాసం

తిండి తగ్గవలసిన నెలలోనే మన తిండి ఖర్చు పెరగడం విచారకరం. ప్రతి రోజూ ఇఫ్తార్‌కు నూనెలో వేగినవి నాలుగు రకాలు ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. దైవప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకుంటే నీళ్ళతో ఇఫ్తార్ చేసేవారు (అబూదావూద్, తిర్మిజీ). చాంద్రమాన లెక్క ప్రకారం రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది. కనుక ఏ జీతం నెలలో పడుతుందో ముందే చూసుకుని, షాబాన్‌కు ముందు నాలుగైదు నెలల నుంచి కొద్దికొద్దిగా పక్కన పెట్టండి. పండుగ అప్పుతో మొదలు కాకూడదు.

పొదుపు తలుపు మూయకూడదు

బడ్జెట్ పేరుతో అతిథిని చూసి ముఖం మాడ్చుకోవడం మన పద్ధతి కాదు. ఇద్దరి ఆహారం ముగ్గురికి, ముగ్గురిది నలుగురికి చాలుతుందని హదీసు (బుఖారీ, ముస్లిం). కూరలో నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని చూసుకోమని హజ్రత్ అబూజర్ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పారు (ముస్లిం). ఖర్చు పెంచమని కాదు, ఉన్నదాన్నే సాగదీయమని ఆ బోధన. ఇంటిని నష్టపరచకుండా ఇంటి ఆహారంలోంచి దానం చేసే ఇల్లాలికి పుణ్యం, సంపాదించిన భర్తకూ పుణ్యం అని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ).

ఈ నెల జీతం రాకముందే ఒక నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో ‘బిస్మిల్లాహ్’ రాసి, కింద బియ్యం ఎన్ని కిలోలు, నూనె ఎన్ని లీటర్లు, పాత బాకీ ఎంత అని రాయండి. ప్రళయదినాన సంపదను ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు అని రెండు ప్రశ్నలు తప్పవు. మొదటిదానికి జవాబు ఉన్నవారు కూడా రెండోదాని దగ్గర తడబడకుండా ఉండాలంటే ఇప్పుడే లెక్క మొదలుపెట్టాలి.

అల్లాహ్ మన ఉపాధిలో, మన కొలతల్లో బర్కత్ ప్రసాదించుగాక! అప్పుల భారం నుంచి మనల్ని కాపాడుగాక! ఆమీన్.