వాచీ కొలిచేదెంత, ఊహించేదెంత?

మా ఆయనా నేనూ రోజూ పొద్దున్నే కలిసి నడుస్తాం. ఇద్దరివీ ఒకే కంపెనీ ఫిట్‌నెస్ బ్యాండ్లు. బయల్దేరేది ఒకే గేటు నుంచి, తిరిగొచ్చేదీ దాని దగ్గరికే. అయినా నా చేతికి 4.3 కిలోమీటర్లు, ఆయన చేతికి 3.8 చూపిస్తాయి. ఏది నిజమండీ?
– ఒక గృహిణి, తెనాలి

రెండూ నిజం కాకపోవచ్చమ్మా. జీపీఎస్ లేని బ్యాండు దూరాన్ని అసలు కొలవదు. మీ చెయ్యి ఊగే తీరును బట్టి అడుగులు లెక్కపెడుతుంది. ఆ అడుగుల్ని అంగ పొడవుతో గుణిస్తుంది. ఆ అంగ పొడవు దానికెలా తెలుసంటే, మీరు కొన్నరోజు నింపిన ఎత్తును బట్టి వేసుకున్న అంచనా. మామూలుగా ఎత్తులో నూటికి 41 వంతులని తీసుకుంటారు. 155 సెంటీమీటర్ల మనిషికి 64 సెంటీమీటర్ల అంగ అన్నమాట. అలా 6,000 అడుగులు వేస్తే బ్యాండు 3.84 కిలోమీటర్లు చూపిస్తుంది. కానీ మోకాళ్ల నొప్పి వల్లో, చీర కుచ్చిళ్లు అడ్డుపడో మీరు 56 సెంటీమీటర్ల అంగే వేస్తున్నారనుకోండి, నడిచింది 3.36 మాత్రమే. అడుగులు ఒక్కటీ తప్పకుండానే అర కిలోమీటరు తేడా వచ్చేసింది.

అందుకే ముందు సెట్టింగుల్లో ఇద్దరి ఎత్తూ సరిగ్గా ఉందో లేదో చూడండి. నా దగ్గరికొచ్చిన ఒకాయన బ్యాండులో ఎత్తు 170 అని ఉంది. గోడకు నిలబెట్టి కొలిస్తే 158. కొత్త బ్యాండు మోజులో మనవడు గబగబా నొక్కుకుంటూ పోయాడట, రెండేళ్లుగా ఎవరూ చూసుకోలేదు.

ఇంకో మాట అడగనా? మీవారు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారా? మన పెద్దవాళ్లలో చాలామందికి ఆ అలవాటుంది. చెయ్యి ఊగకపోతే బ్యాండుకు అడుగు సరిగ్గా అందదు, కొన్ని వదిలేస్తుంది. 3.8కి అదీ ఒక కారణం కావచ్చు.

నిజం తేలాలంటే దగ్గర్లో 400 మీటర్ల ట్రాకున్న కాలేజీ గ్రౌండుకు వెళ్లండి. అన్నిటికంటే లోపలి గీతలో ఐదు చుట్లు తిరిగితే సరిగ్గా 2 కిలోమీటర్లు. గీత మారొద్దు. ఒక్కో గీత బయటికి జరిగేకొద్దీ చుట్టుకు ఏడున్నర మీటర్ల పైనే పెరుగుతుంది; నాలుగో గీతలో ఐదు చుట్లు తిరిగితే 115 మీటర్లు ఎక్కువ నడిచినట్టే. నడుస్తూ అడుగులు మీరే లెక్కపెట్టుకోండి. 2,000 మీటర్లను ఆ అడుగులతో భాగిస్తే మీ సొంత అంగ తెలుస్తుంది. చాలా బ్యాండ్లలో దాన్ని చేత్తో నింపే వీలుంటుంది.

జీపీఎస్ ఉన్న వాచీలు ఇంతకంటే నయం. నెత్తిన ఆకాశం తెరిపిగా ఉంటే మనమున్న చోటును ఐదు మీటర్ల అటూఇటూగా పట్టుకుంటాయి. అపార్టుమెంట్ల సందుల్లో మాత్రం సిగ్నలు గోడలకు తగిలి వస్తుంది. మీరు తిన్నగా నడిచినా మ్యాపులో గీత వంకరలు పోతుంది, ఆ వంకరల దూరమంతా మీ ఖాతాలో పడుతుంది.

వయసు 52, బరువు 72 కిలోలు. షుగరు ఉంది. రోజూ గంటలో 5 కిలోమీటర్లు నడుస్తాను. వాచీ 480 క్యాలరీలు ఖర్చయ్యాయంటుంది. ఆ ధైర్యంతో ఇంటికొచ్చి ఒక నేతి దోసె అదనంగా తింటున్నాను. నాలుగు నెలల్లో బరువు తగ్గకపోగా కిలోన్నర పెరిగాను. లోపం ఎక్కడుంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

లోపం మీ నడకలో లేదు మాస్టారూ. ఆ 480ని నమ్మడంలో ఉంది.

ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో కచ్చితంగా తెలియాలంటే ముక్కుకూ నోటికీ మాస్కు బిగించి, పీల్చిన ఆక్సిజనెంతో వదిలిన కార్బన్ డయాక్సైడెంతో కొలవాలి. వాచీకి ఆ వసతి లేదు. అడుగులు, గుండె వేగం, మీరిచ్చిన వయసు, బరువు, ఎత్తు, వీటితో ఒక సూత్రం ప్రకారం ఊహిస్తుంది. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 60 మందికి ఏడు రకాల పరికరాలు తొడిగి, ఆ మాస్కు లెక్కతో పోల్చి చూశారు. ఏడింట ఆరు గుండె వేగాన్ని 5 శాతంలోపు తప్పుతోనే చెప్పాయి. క్యాలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. ఆ తర్వాత వాచీలు కొన్ని మెరుగుపడ్డాయి. అయినా ఇది ఊహేనన్న సంగతి మారలేదు.

మన విషయంలో ఇంకో చిక్కుంది. ఊరకే కూర్చున్నప్పుడు ఒంటికయ్యే ఖర్చును లెక్కకట్టే సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్యుల శరీరాలను చూసి తయారైనవి. భారతీయుల ఆహార అవసరాలు నిర్ణయించేటప్పుడు మన వైద్య పరిశోధన మండలి ఆ అంకెలను 5 శాతం తగ్గించి తీసుకుంది. ఒకే బరువున్నా మనలో కండ పాలు తక్కువ, కొవ్వు పాలు ఎక్కువ ఉండటం ఇందుకొక కారణం.

కాగితం మీద మీరే చూసుకోండి. చదునైన రోడ్డు మీద మామూలు నడకకు కిలో బరువుకు, కిలోమీటరుకు అర క్యాలరీ అదనంగా ఖర్చవుతుంది. మీ 72 కిలోలకు 5 కిలోమీటర్లంటే 180. ఆ గంట కుర్చీలో కూర్చున్నా ఎలాగూ ఖర్చయ్యే 72 కూడా కలిపితే 250. వాచీ చెప్పింది దీనికి దాదాపు రెట్టింపు. ఇక దోసె మీద ధారగా తిప్పిన నెయ్యి: గ్రాముకు 9 క్యాలరీలు. పెద్ద చెంచాడు, అంటే 15 గ్రాములు పడితే 135. పిండి సంగతి తర్వాత, నడకలో సంపాదించిన దానిలో ముప్పాతిక వంతు ఆ నెయ్యే తీసేసుకుంది.

ఆ అదనపు దోసె మానేయండి. దయచేసి దీనికి ఎదురు తప్పు కూడా చేయకండి. ఇవాళ వాచీ తక్కువ చూపించిందని పూట భోజనం మానడం, ఎక్కువ చూపించిందని మాత్ర మానడం రెండూ ప్రమాదమే. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు భోజనం తప్పిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. మీకు దారి చూపాల్సింది గ్లూకోమీటరు, వారానికోసారి ఒకే వేళకు చూసుకునే బరువు.

పొద్దున ఆరింటికి పక్క మీంచి లేవకముందే 380 క్యాలరీలు ఖర్చయినట్టు చూపిస్తోంది. వాచీ పాడైందా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

పాడవలేదు. అది అర్ధరాత్రి నుంచీ లెక్కపెడుతోంది. మీరు నిద్రపోయినా గుండె, మెదడు, కాలేయం పనిచేస్తూనే ఉంటాయి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. మామూలు బరువున్న కుర్రవాడికి ఆరు గంటలకు అంత ఖర్చు సబబే. రోజు మొత్తం ఖర్చు, కదలిక వల్ల అయిన ఖర్చు అని యాప్‌లో రెండు అంకెలుంటాయి. మీరు చూడాల్సింది రెండోది.

అలిపిరి మెట్ల దారిన తిరుమల ఎక్కాం. అందరూ 9 కిలోమీటర్లంటారు, నా బ్యాండు 13 చూపించింది. చెమటతో చొక్కా తడిసి ముద్దయితే క్యాలరీలు మాత్రం 400 కూడా లేవు. ఎందుకిలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

ఒకే బ్యాండు ఒకే దారిలో రెండు వైపులా తప్పింది. కారణం మెట్లే. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. మెట్టు మీద వేసే అంగ చదునైన నేల మీది అంగలో సగమే. బ్యాండుకు ఆ సంగతి తెలియదు, ప్రతి మెట్టునూ నిండు అంగగా గుణించేసింది. మధ్య మధ్య సేద తీరడానికి అటూఇటూ తిరిగిన అడుగులూ కలిశాయి. జీపీఎస్ ఉన్నా ఆ దారిలో చాలామేర పైకప్పు, ఆపైన అడవి. సిగ్నలు సరిగ్గా అందదు.

క్యాలరీలు తగ్గడానికి కారణం వేరు. మెట్లెక్కడమంటే ఒంటి బరువును పైకెత్తడం. 70 కిలోల మనిషి 100 మీటర్ల ఎత్తు ఎక్కితే జరిగే పని 16 క్యాలరీలే. కానీ కండరాలు ఖర్చుపెట్టిన శక్తిలో నాలుగో వంతునో ఐదో వంతునో మాత్రమే పనిగా మార్చగలవు, మిగతాది వేడిగా పోతుంది. మీ చొక్కా తడిపింది ఆ వేడే. అలా ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ 65 నుంచి 80 క్యాలరీలు అవుతాయి. గాలి ఒత్తిడిని కొలిచే సెన్సరున్న వాచీ అయితే ఎత్తును పట్టుకుంటుంది, సుమారు 3 మీటర్లకు ఒక అంతస్తు చొప్పున చూపిస్తుంది. అడుగులు మాత్రమే లెక్కపెట్టే బ్యాండుకు మెట్లయినా బజారైనా ఒకటే.

బీపీకి మెటోప్రొలాల్ వాడుతున్నాను. ఎంత వేగంగా నడిచినా గుండె వేగం 95 దాటదు, క్యాలరీలు బొత్తిగా తక్కువ వస్తాయి. నా నడక వృథా అవుతోందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఏమాత్రం వృథా కాదు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మందులు చేసే పనే గుండె వేగాన్ని అదుపులో ఉంచడం. ఆ మాత్ర సంగతి వాచీకి తెలియదు కనుక మీరు తీరిగ్గా షికారు చేస్తున్నారనుకుంటుంది. ఆ అంకె పెంచుకోవడానికి మాత్ర ఆపే ఆలోచన మాత్రం రానివ్వకండి. హఠాత్తుగా ఆపితే గుండెకే చేటు. మీ నడక జోరుకు నోటిమాటే కొలత: పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

పట్టీ వదులుగా ఉందేమో కూడా చూడండి. వాచీ అడుగున మెరిసే ఆకుపచ్చ కాంతి రక్తనాళాల్లోని పొంగును చదువుతుంది. పట్టీ జారితే బయటి వెలుతురు దూరి అంకె చెడుతుంది. మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైన, చర్మాన్ని అంటిపెట్టుకునేలా కట్టాలి. స్టాన్‌ఫర్డ్ పరీక్షలో చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు తప్పు కాస్త పెరిగింది కూడా, కాబట్టి మనం ఈ జాగ్రత్త మరింత పాటించాలి.

డాలస్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చాను. మనవరాల్ని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని రోజూ గంట నడుస్తున్నా బ్యాండులో వెయ్యి అడుగులు కూడా పడటం లేదు. అల్లుడు రోజుకు పదివేల అడుగుల లక్ష్యం పెట్టి ఇచ్చాడు. రాత్రిళ్లు హాల్లో తిరిగి పూర్తిచేస్తున్నాను. కాళ్లు లాగుతున్నాయి.
– 70 ఏళ్ల అమ్మమ్మ

మీరు నడిచారమ్మా, లెక్కలో పడలేదంతే. రెండు చేతులూ స్ట్రోలర్ పిడి మీదుంటే మణికట్టు కదలదు. గంట నడకంటే మీ వయసులో తీరిగ్గా నడిచినా 5,000 అడుగులకు తక్కువుండవు. ఇంటి పనుల్లో వేసే అడుగులు వేరే.

ఆ పదివేలు కూడా వైద్యులు పెట్టిన గీత కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు పేరది. 'మాన్‌పో-కే' అంటే పదివేల అడుగుల కొలత అని అర్థం. 2019లో అమెరికాలో సగటు వయసు 72 ఉన్న 16 వేలమందికి పైగా స్త్రీలను పరిశీలిస్తే, రోజుకు 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాలు, 2,700 వేసేవారికంటే బాగా తగ్గి కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. ఈ మాట అల్లుడుగారికి చదివి వినిపించి, రాత్రి హాల్లో తిరగడం మానేసి పడుకోండి.

లెక్క కావాలనిపిస్తే స్ట్రోలర్ తోసేటప్పుడు బ్యాండు తీసి సాక్సు మీద చీలమండకు చుట్టుకోండి, లేదా ఫోను బొడ్లో దోపుకోండి. నోటితో వంద అడుగులు లెక్కపెట్టి అందులో ఎన్ని పడ్డాయో చూడండి. తొంభై అయిదు పైన పడితే అక్కడే ఉంచేయండి.