వదిలేయడం నేర్పే కుంచె

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1932లో ప్యారిస్‌లో ‘యంగ్ గర్ల్స్’ వేశారు. మరుసటి ఏడాది అక్కడి గ్రాండ్ సలోన్ చిత్రప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. గుడ్డ మడత, ఒంటి నునుపు, వెలుగునీడలు, ఏది కావాలన్నా వేయగల చెయ్యి. 1934లో మన దేశానికి తిరిగొచ్చాక, 1935లో అదే చెయ్యి ‘త్రీ గర్ల్స్’ వేసింది. చూపులు వాల్చి కూర్చున్న ముగ్గురమ్మాయిలు. వెనక కిటికీ లేదు, సామాను లేదు. దుస్తులన్నీ పెద్ద పెద్ద రంగు ముక్కలే. వాళ్ల దిగులు తప్ప చూడ్డానికి మరేమీ మిగల్చలేదామె. అజంతా చూసొచ్చాక 1937లో వేసిన ‘బ్రహ్మచారులు’లో రూపాలు మరింత తేటపడ్డాయి.

మెప్పు తెచ్చిన నేర్పునే పక్కన పెట్టడానికి ఎంత తెగువ కావాలి! తెలిసిందంతా చూపించేయాలన్న ఆత్రం మనందరిలోనూ ఉంటుంది. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు పది జవాబులు చెప్పించేది అదే. దాన్ని అదుపులో పెట్టుకోవడానికి మనిషి బొమ్మ వేయడాన్ని మించిన సాధన నాకు కనిపించలేదు.

ఆ సాధనకు నాలుగు రంగులు చాలు: తెలుపు, నలుపు, రామరజం లాంటి పసుపు, ఒక ఎరుపు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో ప్రసిద్ధమైన కూర్పు ఇది. నలుపులో పసుపు కలిపితే ముదురాకుపచ్చ వస్తుంది. నలుపు తెలుపుల బూడిద రంగు ఎరుపు పక్కన పడితే నీలంగా తోస్తుంది. ఎరుపు మరీ మెరుస్తుంటే ఆ ఆకుపచ్చే రవ్వంత కలపండి, సద్దుమణుగుతుంది. అన్నీ కలిపేస్తే మాత్రం బురదే. నెమ్మది రంగంటే మురికి రంగు కాదు.

ఇంట్లో అమ్మ కత్తిపీట ముందు కూర్చున్నప్పుడు కళ్లు సగం మూసి చూడండి. చీర అంచు, గాజులు, జడ పాయలు మాయమవుతాయి. తల ఒక ముద్ద, వంగిన వీపు ఒక వంపు, మడిచిన మోకాలు ఒక ముక్కోణం. మొదట ఆ మూడే వేయండి. ప్రతి ముక్కకూ ఒకే రంగు. కంటికి వెంట్రుకలు దిద్దాలని చెయ్యి లాగుతుంది, అప్పుడు కుంచె కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూడండి. మెడ వాలు, భుజం జారుడు సరిగ్గా పడితే కళ్లూ ముక్కూ లేకపోయినా ఇంట్లోవాళ్లు అమ్మని గుర్తుపడతారు. పడకపోతే దిద్దాల్సింది ముఖాన్ని కాదు, ఆ వీపు వంపునే.