ధ్రువం మీదుగా బెంగళూరుకు

2021 జనవరి 9. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎయిరిండియా బోయింగ్ 777 బయలుదేరే వేళ రాత్రి 8.30. టైంటేబుల్ ప్రకారం బెంగళూరు చేరాల్సింది 11వ తేదీ తెల్లవారుజామున 3.45కు. మరి ప్రయాణకాలం ఎంత?

పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. గడియారాల లెక్కలో 31 గంటల 15 నిమిషాలు. జనవరిలో కాలిఫోర్నియా కన్నా మన సమయం 13 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. అది తీసేస్తే అసలు ప్రయాణం 17 గంటల 45 నిమిషాలే. వేసవిలో అమెరికాలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అప్పుడు తీసేయాల్సింది 12 గంటల 30 నిమిషాలు.

దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గ్లోబుపై ఈ రెండు నగరాల మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం వైపు సాగుతుంది. అదే మహావృత్త మార్గం. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్ల బృందం ఆ దారినే విమానాన్ని తెచ్చింది!