రక్తపోటు ముసలితనం కాదు, జబ్బు

తన వుజూ తానే చేసుకోవాలి, తన కాళ్ళతో మస్జిదుకు వెళ్ళిరావాలి, ఎవరికీ భారం కాకూడదు. వయసు మళ్ళిన విశ్వాసులు అల్లాహ్‌ను వేడుకునేది ఇదే. ఈ శక్తిని చప్పుడు చేయకుండా హరించేవాటిలో అధిక రక్తపోటు ఒకటి.

బీపీ 140/90, ఆపైన నిలకడగా ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు. చాలామందిలో ఏ బాధా తెలియదు. కాని లోలోపల రక్తనాళాలు దెబ్బతింటుంటాయి. మెదడులో నాళం పూడినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. గుండె బలహీనపడితే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. అప్పుడు మంచం దిగాలన్నా మరొకరి చేయి కావాలి.

"ఈ వయసులో ఇంకా మందులెందుకు?" అంటారు కొందరు పెద్దలు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ముసలితనం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని తెలిపారు. ముసలితనానికి మందు లేదు, నిజమే. కాని రక్తపోటు ముసలితనం కాదు, జబ్బు. 2008లో వెలువడిన 'హైవెట్' అధ్యయనం దీనికి సాక్ష్యం. పై అంకె 160, అంతకుమించి ఉన్న 3,845 మంది 80 ఏళ్ళు పైబడిన వృద్ధులను అందులో పరిశీలించారు. మందులేని మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే, అసలు మందు వాడినవారిలో గుండె వైఫల్యం 64 శాతం, పక్షవాతంతో మరణాలు 39 శాతం తగ్గాయి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. కొందరు వృద్ధులకు లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పడితే తుంటి ఎముక విరగవచ్చు. సజ్దా నుంచి నెమ్మదిగా లేవాలి. నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయడానికి షరీఅత్ అనుమతించింది. కళ్ళు తిరుగుతున్నాయని మాత్రలు సొంతంగా మానేయరాదు, డాక్టరుకు చెప్పాలి. రమజానులో ఉపవాసం ఉండవచ్చా, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అన్నది కూడా ముందుగానే డాక్టరును అడగాలి.

తల్లిదండ్రుల సేవ అంటే వారు మంచం పట్టాక చేసేదే కాదు. వేళకు మాత్ర అందించడం, బీపీ చూపించడం, ఊరగాయ, అప్పడాలు తగ్గించి రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకుండా వండటం, సాయంత్రం వెంట నడవడం కూడా సేవే. వారు తమ కాళ్ళ మీద నిలబడి ఉండగానే ఈ సేవ మొదలుపెడదాం.

అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, మనకు వారిని సేవించే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.