ఎరుపు గీత దాకా వెళ్లొచ్చా? కారు ఇంజన్ ఆర్‌పీఎం హద్దులు తెలుసుకోవడం ఎలా

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో గంగాధర దగ్గర గ్రానైట్ బండలు మోసుకెళ్లే లారీ ముందుంటే, దాన్ని దాటడానికి ఎక్సలేటర్ గట్టిగా తొక్కక తప్పదు. ఇంజన్ హోరెత్తుతుంది, మీటర్ ముల్లు నాలుగు వేలు దాటుతుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఆ చప్పుడుకే భయపడి కాలు తీసేస్తారు. లారీ పక్కన సగం దూరంలో బండి నీరసిస్తుంది, ఎదురుగా బస్సు వస్తుంటుంది. అదే మనిషి మర్నాడు పొద్దున ఆదిలాబాద్ చలిలో బండి స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాలని నిలబెట్టిన చోటే నాలుగైదు సార్లు రేస్ చేస్తాడు. లారీని దాటడానికి గట్టిగా తొక్కడంతో ఇంజన్‌కు ఏ నష్టమూ లేదు. నష్టం చలిలో అలా రేస్ చేయడంతోనే.

ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్లొచ్చు అన్నదానికి మీటర్ మీది ఎరుపు గీత సగం జవాబే. ఆయిల్ వేడెక్కిందా, అది సరిపడా ఉందా, బండి ఏ గేరులో ఉంది అన్నవి మిగతా సగం. ఈ రెండు సగాలూ కలిపి చూడటం ఎలాగో మెట్టు మెట్టుగా చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న ఇంజన్ల గురించి. చిప్ మార్చినా, రీమ్యాప్ చేయించినా ఈ లెక్కలు నమ్మొద్దు.

1. ముల్లు చదవడం నేర్చుకోండి

స్పీడోమీటర్ పక్కన 0 నుంచి 7 లేదా 8 దాకా అంకెలున్న మీటరే టాకోమీటర్. ఆ అంకెను వెయ్యితో గుణించాలి. ముల్లు 3 మీద ఉంటే ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతోందని అర్థం. బండి న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు వేడెక్కిన ఇంజన్ సాధారణంగా 700 నుంచి 900 మధ్య ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెయ్యి దాటి, కాసేపటికి తానే దిగుతుంది. ఏసీ వేస్తే కొంచెం పెరుగుతుంది. ఇవన్నీ మామూలే.

చాలా చిన్న కార్లలో ఈ మీటరే ఉండదు. 2013 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లకు స్టీరింగ్ కింది భాగంలో ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. దానికి బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే ఫోన్ తెరమీద ఆర్‌పీఎం, కూలెంట్ వేడి రెండూ కనిపిస్తాయి. ఫోన్ చూసే పని పక్క సీట్లో కూర్చున్నవారికి అప్పజెప్పండి.

2. మీ బండికి మూడు అంకెలు రాసి పెట్టుకోండి

ఓనర్స్ మాన్యువల్ వెనక పేజీల్లో, లేదా కంపెనీ ఇచ్చిన వివరాల్లో ఈ మూడు అంకెలు దొరుకుతాయి.

మొదటిది, ఇంజన్ ఎక్కువ బలంతో లాగే ఆర్‌పీఎం, అంటే గరిష్ఠ టార్క్ వచ్చే చోటు. రెండోది, గరిష్ఠ పవర్ వచ్చే చోటు. మూడోది, మీటర్ మీద ఎరుపు మొదలయ్యే చోటు.

మన రోడ్ల మీద రోజూ కనిపించే బండ్లనే చూద్దాం. 2018 నాటి స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌కు గరిష్ఠ టార్క్ 4,200 దగ్గర, గరిష్ఠ పవర్ 6,000 దగ్గర వస్తాయి. ఆల్టో 800కు అవి 3,500, 6,000. మారుతి 2020లో ఆపేసిన 1.3 డీజిల్‌కు 2,000, 4,000. ఎంహాక్ 75 ఇంజన్ ఉన్న బొలెరోకు 1,600 నుంచి 2,200 మధ్యే పూర్తి టార్క్ వస్తుంది, పవర్ 3,600 దగ్గర ముగుస్తుంది. ఎరుపు గీత చాలా పెట్రోల్ కార్లలో 6,000 నుంచి 6,500 మధ్య, డీజిల్ కార్లలో 4,500 నుంచి 5,000 మధ్య మొదలవుతుంది.

ఈ అంకెల నుంచి ఒక పనికొచ్చే సూత్రం వస్తుంది: రెండో అంకెను మీ రోజువారీ హద్దుగా పెట్టుకోండి. గరిష్ఠ పవర్ దాటాక ఇంజన్ అరుస్తుందే తప్ప కొత్తగా లాగేదేమీ ఉండదు. బొలెరోను 3,600 దాటించి పరిగెత్తించడం డీజిల్ తగలేయడమే.

3. ఆ హద్దు ఎందుకు పెట్టారో అర్థం చేసుకోండి

అదే స్విఫ్ట్ ఇంజన్‌లో పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం 71.5 మిల్లీమీటర్లు. 6,000 ఆర్‌పీఎం దగ్గర అది సెకనుకు వంద సార్లు కిందికి దిగి, వంద సార్లు పైకి వస్తుంది. అంటే ఏడు సెంటీమీటర్ల దూరంలోనే సున్నా నుంచి గంటకు 80 కిలోమీటర్లు దాటిన వేగం అందుకుని, మళ్లీ సున్నాకు వచ్చి ఆగుతుంది. అలా సెకనుకు రెండు వందల సార్లు. ప్రతిసారీ పిస్టన్‌ను ఆపి, వెనక్కి లాగాల్సింది కనెక్టింగ్ రాడ్డే.

ఆ లాగుడు బలం ఆర్‌పీఎంతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 3,000 నుంచి 6,000కు వెళితే రాడ్డు మీద బరువు రెండింతలు కాదు, నాలుగింతలు. 6,000 నుంచి 7,500కు వెళితే ఒకటిన్నర రెట్లకు పైగా. పైన వాల్వులదీ ఇదే కథ. వాటిని మూసే స్ప్రింగులు ఒక వేగం దాటాక అందుకోలేవు. వాల్వు మూసుకోకముందే పిస్టన్ పైకొస్తే రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగితే షెడ్డులో హెడ్ దింపక తప్పదు.

ఇదంతా లెక్కగట్టే కంపెనీ గీత గీస్తుంది. కాబట్టి గీతకు లోపల, వేడెక్కిన పెట్రోల్ ఇంజన్ కాసేపు 5,000 మీద తిరిగితే దానికి ఏమీ కాదు.

4. బయల్దేరే ముందు ఆయిల్ చూడండి, బయల్దేరాక నెమ్మదిగా వెళ్లండి

వారానికోసారి, పొద్దున బండి స్టార్ట్ చేయకముందే, సమంగా ఉన్న నేల మీద డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉండాలి. కింది గుర్తుకు దిగిన ఆయిల్‌తో ఎక్కువ ఆర్‌పీఎం వద్దు. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగితే పంపుకు గాలి తగులుతుంది, బేరింగులు ఎండిపోతాయి.

డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్, సిర్పూర్, తిర్యాణి వైపు రాత్రి వేడి అయిదు డిగ్రీల దాకా పడిపోతుంది. ఆ చలికి ఆయిల్ చిక్కబడి, పైన వాల్వుల దాకా చేరడం ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు నిలబెట్టి రేస్ చేస్తే చేరని ఆయిల్‌తో లోహం మీద లోహం రాసుకుంటుంది. స్టార్ట్ చేసి అర నిమిషం ఆగండి, తర్వాత మెల్లగా కదలండి. మీటర్‌లో నీలం రంగు కూలెంట్ దీపం ఆరేదాకా పెట్రోల్ బండిని 2,500, డీజిల్ బండిని 2,000 దాటనివ్వొద్దు. దీపం ఆరాక కూడా ఇంకో నాలుగైదు కిలోమీటర్లు అదే ఓపిక పట్టండి. నీళ్లకంటే ఆయిల్ ఆలస్యంగా వేడెక్కుతుంది.

కొత్త పెట్రోల్ బండి అయితే మొదటి 1,000 కిలోమీటర్లు 4,000 లోపే ఉంచండి, ఒకే వేగంలో గంటల తరబడి నడపకండి.

5. ఏ పనికి ఎంత?

ఊళ్లో: కరీంనగర్ టవర్ సర్కిల్ లాంటి రద్దీలో పెట్రోల్ బండిని 1,500 నుంచి 2,500 మధ్య నడిపితే చాలు. డీజిల్‌కు 1,300 నుంచి 2,000.

హైవే మీద: ఆర్మూర్ దాటి నిర్మల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద టాప్ గేరులో చాలా పెట్రోల్ కార్లు 3,000కు అటూ ఇటూ తిరుగుతాయి. రోజంతా నడిపినా ఇబ్బంది లేదు. బీఎస్-6 డీజిల్ కార్లకైతే ఈ పరుగు అవసరం కూడా. ఊళ్లోనే తిరిగే డీజిల్ బండి పొగగొట్టంలోని ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. హైవే మీద 2,000 పైన ఓ ఇరవై నిమిషాలు నిలకడగా నడిపితే అది తనను తాను శుభ్రం చేసుకోగలదు.

లారీని దాటేటప్పుడు: ఒక గేరు ముందే దించండి. ముల్లు టార్క్ అంకె దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి పవర్ అంకె దాకా భయం లేకుండా తొక్కండి. దాటేశాక గేరు వేయండి.

తక్కువ ఆర్‌పీఎంకూ హద్దుంది. నాలుగో గేరులో 1,200 మీద ఉండి ఎక్సలేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ గుడగుడలాడుతుంది, లోపల కొట్టుకున్న చప్పుడు వస్తుంది. బేరింగుల మీద అది పడేసే బరువు ఎక్కువ. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లకు ఈ అలవాటు మరీ చేటు. చప్పుడు రాగానే కాలు తగ్గించి గేరు దించండి.

6. గేరు దించే ముందు లెక్క వేయండి

ఇంజన్లు ఒక్క క్షణంలో పాడయ్యేది ఇక్కడే. ఎక్సలేటర్ ఎంత తొక్కినా ఎరుపు గీత దాటబోతుంటే కంప్యూటర్ ఇంధనం ఆపేస్తుంది. దీన్నే రెవ్ లిమిటర్ అంటారు. కానీ గేరు తప్పుగా దించితే ఇంజన్‌ను తిప్పేది పెట్రోల్ కాదు, చక్రాలు. దాన్ని ఏ లిమిటరూ ఆపలేదు.

చాలా మాన్యువల్ కార్లలో నాలుగో గేరు నుంచి రెండో గేరుకు దించితే ఆర్‌పీఎం దాదాపు రెండింతలవుతుంది. నాలుగులో 2,000 ఉంటే రెండులో 4,000, పర్వాలేదు. నాలుగులో 3,000 ఉంటే రెండులో 6,000, గీత అంచు. అయిదో గేరులో 3,000 మీద వెళ్తూ రెండో గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజన్ 7,500 దాటుతుంది.

ఎవరూ కావాలని అలా చేయరు. అయిదు నుంచి నాలుగుకు దించబోయి, గేరు రాడ్డును ఎడమకు ఎక్కువ నెడితే అది రెండులో పడుతుంది. అందుకే పిడికిలితో పట్టుకోకండి. అరచేతితో రాడ్డును న్యూట్రల్‌కు తెచ్చి వదిలితే లోపలి స్ప్రింగే దాన్ని నడిమికి తెస్తుంది. అక్కడి నుంచి నేరుగా కిందికి లాగితే నాలుగే. క్లచ్ వదిలేటప్పుడు బండి ముందుకు కుంగినట్టు అనిపిస్తే ఆ క్షణమే క్లచ్ మళ్లీ తొక్కేయండి.

మారుతి మాన్యువల్స్‌లో ఏ గేరుకు ఎంత వేగం లోపు దించాలో పట్టికే ఇస్తారు. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

7. ఘాట్ రోడ్డు మీద

నిర్మల్ దగ్గరి పాత మహబూబ్ ఘాట్‌లో గానీ, ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వెళ్లే దారిలోని కెరమెరి ఘాట్‌లో గానీ ఎక్కేటప్పుడు పెట్రోల్ బండిని రెండు, మూడు గేర్లలో 2,500 నుంచి 4,000 మధ్య ఉంచండి. డీజిల్‌కు 1,800 నుంచి 2,800 చాలు. మలుపుకు ముందే గేరు దించాలి, మలుపులో కాదు. మే నెలలో బయట 45 డిగ్రీలుంటే వేడి ముల్లు మీద కన్నేసి ఉంచండి. మామూలు చోటు దాటి పైకి జరిగితే ఏసీ ఆపి, ఆర్‌పీఎం తగ్గించి, వీలైన చోట పక్కకు ఆపండి. రేడియేటర్ మూత వేడి మీద తెరవకండి.

దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటు మానుకోండి. గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లోనే ఇంజన్ తిరగడానికి ఇంధనం ఖర్చవుతుంది, పైగా భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. పెట్రోల్ బండి 3,500 మీద హోరుమన్నా కంగారు పడకండి, అది బండిని పట్టి ఉంచుతున్న చప్పుడు. ముల్లు గీత వైపు పాకితే మాత్రం బ్రేకుతో వేగం తగ్గించండి, ఆ తర్వాతే ఇంకో గేరు దించండి.

టర్బో ఉన్న బండి అయితే ఘాట్ ఎక్కి ఆపగానే తాళం తిప్పేయకండి. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచితే టర్బో బేరింగుకు ఆయిల్ అందుతూ చల్లబడుతుంది.

8. పొరపాటున ఎరుపులోకి వెళితే

ఎక్సలేటర్ వల్ల వెళ్లి లిమిటర్ తగిలి ఉంటే గాభరా అక్కర్లేదు, గేరు పైకి వేసి నడపండి. తప్పు గేరు వల్ల వెళ్లి ఉంటే బండి పక్కకు ఆపి వినండి. టికటికమనే కొత్త చప్పుడు, ఐడిల్‌లో వణుకు, ఇంజన్ దీపం, ఆయిల్ దీపం, వీటిలో ఏది ఉన్నా ఇంజన్ ఆపేసి బండిని లాగించుకెళ్లండి. అక్కడి నుంచి నడిపిన ప్రతి కిలోమీటరూ రిపేరు బిల్లును పెంచుతుంది.

ఈ ఆదివారం మాన్యువల్ తీసి, మీ బండి మూడు అంకెలూ ఒక చీటీ మీద రాసి సన్‌వైజర్‌కు పెట్టుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీగా ఉన్న రోడ్డు మీద రెండో గేరులో పవర్ అంకె దాకా ఒక్కసారి తీసుకెళ్లి ఆ చప్పుడు విని చూడండి. చెవికి అది అలవాటైతే లారీ పక్కన మీ కాలు తడబడదు.