మరకలు తీసే ద్రవాలు – మనం తీసుకోవలసిన జాగ్రత్తలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో కుట్టుమిషన్లు, మగ్గం సామాను, బోరు మోటార్ల జిడ్డు వదిలించడానికి పెట్రోలు, థిన్నరు వాడేవారున్నారు. జంపఖానా మరకలకు ఇప్పుడు స్ప్రే డబ్బాలు కూడా వచ్చాయి. మరక పోతుంది గాని ఆవిరి గదిలోనే నిలిచిపోతుంది.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేలవెంట పాకి పక్క గదిలోని పొయ్యి మంటనూ అందుకోగలదు. సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలోనే అంటుకోగల ద్రవమది. మన కడప ఎండల్లో వేరే చెప్పాలా? మూసిన గదిలో పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు కలుగుతాయి. కొన్ని ద్రవాల్లో ఉండే మిథిలీన్ క్లోరైడ్ శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం.

పాటించవలసినవి:

1. ముందు సబ్బునీళ్లతో ప్రయత్నించండి. నూనె మరకపై టాల్కం పౌడరు చల్లి, అరగంట తర్వాత దులిపి ఉతకండి.

2. మిషను ప్లగ్గు తీసి, ద్రవాన్ని గుడ్డకు అద్ది ఆరుబయట తుడవండి. పొయ్యి, బీడీ దగ్గర ఉండరాదు.

3. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఎన్నడూ పోసి ఉంచకండి.

బిడ్డ పొరపాటున తాగితే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే: వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. వాంతితో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అప్పటికి బాగానే కనిపించినా కొన్ని గంటలకు ఆయాసం మొదలు కావచ్చు. తడిసిన బట్టలు తీసి, ఒళ్లు సబ్బునీళ్లతో కడిగి, వెంటనే 108కు ఫోను చేయండి. ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకురండి.