ముందు కొలవడం నేర్చుకో

విశాఖపట్నం

చిరంజీవి సుజాతకు,

ఆంధ్రా యూనివర్సిటీలో ఎంజైముల మీద పీహెచ్‌డీకి చేరావని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఏ టాపిక్ తీసుకుంటే పేరొస్తుందని అడిగావట. ముందు కొలవడం నేర్చుకో తల్లీ, పేరు సంగతి తర్వాత.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడు. 1925లో హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రకటించారు. శాంపిల్‌లో ఎంత ఫాస్ఫేటు ఉంటే నీలం రంగు అంత చిక్కగా వస్తుంది. కండరాల సారంతో చేసినప్పుడు మాత్రం రంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. రియేజెంటు పాడైందని పారబోయడం తేలిక. వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో మెల్లగా విడిపోతున్న ఫాస్ఫోక్రియాటిన్ అలా 1927లో బయటపడింది. 1929లో, కణాలకు శక్తినందించే ఏటీపీనీ వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని కనుక్కున్నాడు.

ఇంత చేసినా ఆయనకు హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్ళి పని సాగించారు. బోదకాలు జబ్బుకిచ్చే డైఇథైల్‌కార్బమజైన్, క్యాన్సర్‌కిచ్చే మెథోట్రెక్సేట్ ఆయన బృందాల కృషి ఫలితాలే. మెథోట్రెక్సేట్ చేసేది నీ సబ్జెక్టులోని పనే. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైముకు అడ్డుపడి కణ విభజనను ఆపుతుంది. 1948లో, 53 ఏళ్ళకే ఆయన పోయారు.

ఆయన వేరుచేసిన ఆ ఏటీపీ సంగతి ఇంకా తెలియాలంటే, వీలు చూసుకుని ఓ తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. చేప చచ్చాక దాని కండలోని ఏటీపీని ఎంజైములు ఒక్కో మెట్టూ విడగొడుతూ పోతాయి, చివరికి హైపోగ్జాంథిన్ పోగవుతుంది. ఆ పదార్థాలను కొలిచి చేప తాజాదనం చెప్పొచ్చు. బోటు దిగిన చేప మీద ఐసు వేసేది ఆ ఎంజైములనూ, బ్యాక్టీరియానూ నెమ్మదింపజేయడానికే. విశాఖ ఎండలో నీ శాంపిళ్ళకీ అదే జాగ్రత్త కావాలి. గొట్టాలు ఐసులోంచి తీశాక కబుర్లు పెట్టుకోకు.

ప్రతి ప్రయోగానికీ ఎంజైము లేని గొట్టం ఒకటి, మరిగించిన ఎంజైముతో ఇంకొకటి పెట్టు. పీహెచ్, ఉష్ణోగ్రత అప్పటికప్పుడే రాసుకో. లెక్కకు కుదరని రీడింగును కొట్టేయకు. తేదీ వేసి, మళ్ళీ చేసి చూడు. అది చేతి పొరపాటో, ఎంజైము చెప్పే కొత్త సంగతో అప్పుడే తేలుతుంది. గైడుకు నచ్చుతుందని అంకె మాత్రం మార్చకు. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైనా నిభాయించుకోవచ్చు, పోయిన నమ్మకం తిరిగి రాదు.

దసరాకి వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. నీకు అర్థంకాని రీడింగులే ముందు చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న